లాప్‌టాప్‌కి వాసెన

“లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చడం కుదరదండీ మామ్మగారూ. ఇది మాకిచ్చేసి కొత్తది తీసుకెళ్లండి.”

ఆ మాట అన్నవాడు పెట్టె మూత తెరవలేదు. తిరగేసి అడుగు చూడలేదు. సన్నికల్లంత బరువున్న ఆ లాప్‌టాప్‌ని సంచిలో పెట్టి, నేనొక చెవీ మా మనవరాలొక చెవీ పట్టుకుని ఎండలో మోసుకొచ్చాం. అతను దాని మీద ఒక వేలు ఆనించి, కొని ఎన్నేళ్లయిందని అడిగి తీర్పు చెప్పేశాడు. చల్లటి గది, గాజు బల్ల, బల్ల వెనక వరసగా కొత్త పెట్టెలు.

“కుదరదంటే ఏటి బాబూ? దానికి కుదరదా, నీకు సేతకాదా?” అని అడిగాను.

అతను నవ్వాడు. “ఎవరికీ కాదండీ. పాత మోడలు. దీన్నిప్పుడు ఎవరూ ముట్టుకోరు.”

“ఎవులూ ముట్టుకోనిది నీకెందుకు మరి? నీకిచ్చేయమన్నావు కదేటి?”

మనవరాలు నా కొంగు లాగింది. సంచి తీసుకుని బయటికి వచ్చేశాం. మెట్లు దిగుతుంటే వెనక నవ్వులు వినిపించాయి.

నేను చదివింది మూడో తరగతి. కంప్యూటరు గురించి నాకేమీ తెలియదని ఒప్పుకుంటాను. కానీ విప్పి చూడకుండా పోయిందని చెప్పేవాణ్ణి నేను నమ్మను. మా ఇంట్లో కుట్టుమిషనూ, మిక్సీ, టేబులు ఫ్యానూ, అన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు పారెయ్యమన్నవే. అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. పారెయ్యమని చెప్పేవాడు మనింట్లో ఇనుము చూసి చెప్పడు, తన కొట్లో సరుకు చూసుకుని చెబుతాడు.

ఇది రెండు వేల తొమ్మిది ప్రాంతంలో సంగతి. మా అమ్మాయి, అల్లుడు భీమునిపట్నంలో ఉండేవారు. వాళ్ల కూతురు పాలిటెక్నిక్ చదువు కోసం వన్‌టౌన్‌లో నా దగ్గరికి వచ్చి, చదువయ్యాక కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఆటోనగర్‌లో ఇనుప కట్టడాలు చేసే ఒక వర్క్‌షాపు వాళ్లు దానికి డ్రాయింగుల పని ఇచ్చేవారు. ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద గీసి పట్టుకెళ్లి ఇవ్వడం. అందుకోసం అది తన అప్రెంటిసు డబ్బులు కూడబెట్టి, ఒక డ్రాయింగు ఆఫీసు వాళ్లు తీసేసిన పాత లాప్‌టాప్ కొనుక్కుంది. వర్క్‌స్టేషన్ అంటారట, ఇంజినీర్లు వాడేది. రెండేళ్లు దాని మీదే గీసింది. ఒక్క డ్రాయింగు కూడా తప్పని తిరిగి రాలేదు.

అలాంటి పిల్లకి ఆ వర్క్‌షాపు ఇన్‌చార్జి ఒకనాడు కబురు చెప్పాడు. ఇకమీదట కాగితం మీద గీతలు చాలవు, కట్టడం మొత్తం కంప్యూటరులో నిలబెట్టాలి, అన్ని వైపులా తిప్పి చూపించాలి. అది చెయ్యగలిగినవాళ్లకే పని. చెయ్యలేనివాళ్లు ఏ ముక్క ఎంత పొడుగు కొయ్యాలో కటింగ్ లిస్టులు రాసుకోవాలి. పరీక్షగా ఒక చిన్న కట్టడం ఇచ్చాడు, కన్వేయరు బెల్టు కింద నిలబెట్టే ఇనుప చట్రం. రెండు వారాల్లో తెచ్చి తిప్పి చూపించమన్నాడు.

మా మనవరాలికి ఆ పని రాక కాదు. పాలిటెక్నిక్‌లోనే నేర్చుకుంది. లాప్‌టాప్ సహకరించలేదు. చట్రం సగం కట్టేసరికి, తిప్పుదామంటే బొమ్మ కదలదు. కదిలితే ముక్కలు ముక్కలుగా విరిగిపోయి కదులుతుంది. దాన్లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు చాలదని, పెద్దది వెయ్యాలని అది చెప్పింది. ఇదంతా నాకు చెబుతూ ఏడవలేదు. గోళ్లు కొరుక్కుంది. నాకు ఏడుపు కంటే అదే కష్టంగా అనిపించింది.

“కటింగ్ లిస్టులు ఎవులు రాత్తారే?” అని అడిగాను.

“రాసేవోలు సానామందున్నారు అమ్మమ్మా. లెక్క కూడా కంప్యూటరే సేసేత్తాది. ఆరునెల్లు పోతే నాతో పనే నేదంతారు.”

ఆ చల్లటి కొట్టు తర్వాత ఇంకో కొట్టుకి వెళ్లాం. వాళ్లు నాలుగు రోజులు వదిలి వెళ్లమన్నారు. నేను వదలనన్నాను. మూడో చోటు ఒక సందులో, ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. అక్కడున్నాయన శ్రీకాకుళం వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడట. గది నిండా విప్పేసిన పెట్టెలు. మేం చెప్పింది పూర్తిగా విని, స్క్రూలన్నీ వరసగా ఒక మూతలో పెట్టుకుంటూ లాప్‌టాప్ అడుగు విప్పాడు.

“ఏ ఊరి నుంచమ్మా?”

“వన్‌టౌన్.”

“వన్‌టౌన్ పెట్టె లోపల ఇంత సుబ్బరంగా ఉందేటి! అటు నుంచి వచ్చినవి ఇప్పితే బొగ్గు తట్ట ఇప్పినట్టుంతాది.”

నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు శుభ్రంగా ఉందో తర్వాత చెబుతాను.

ఆయన నా చెయ్యి పట్టి దగ్గరికి పిలిచి చూపించాడు. “ఇదిగో, లెక్కలు సేసేది ఇది. బొమ్మ గీసేది అది, పక్కన. ఆ కార్డు దేనికీ అతుక్కుపోయి నేదు, సూడండి. నాలుగు స్క్రూలు తీత్తే ఊడొచ్చేత్తాది. మామూలు లాప్‌టాపుల్లో ఇది ఉండదు, కుదరదన్నమాట నిజమే. ఈ రకంలో ఉంతాది. ఇంజినీర్లకి సేసింది కదా.”

నా ఒళ్లు మండిపోయింది. నాలుగు స్క్రూలు! ఆ గాజు బల్ల దగ్గర అతను మూత తెరిచి ఉంటే చాలు. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు, నేను తప్పుపట్టను. తెలియనిదాన్ని లేదని చెప్పి, పైగా మా పెట్టె లాక్కోబోయాడు. అప్పుడే ఆ కొట్టుకి వెళ్లి నాలుగు మాటలు అడిగి వద్దామన్నాను. మనవరాలు కదలనివ్వలేదు.

శ్రీకాకుళం ఆయన ఇంతకంటే పెద్ద కార్డు హైదరాబాదు నుంచి తెప్పించాడు. ఇలాంటిదే ఏదో విరిగిపోయిన లాప్‌టాప్‌లోంచి తీసిందని దాచకుండా చెప్పాడు. నా ఎదురుగానే వేశాడు. వేడిని లాగే రాగి రేకుకీ కార్డుకీ మధ్య తెల్లటి మందేదో పల్చగా రాసి, స్క్రూలు బిగించి, తెర మీద బొమ్మ వచ్చాక అన్నాడు: “ఇది పాతదానికన్నా ఎక్కువ ఏడెక్కుతాది. గాలి ఆడనియ్యండి.” మంచిదే, కిటికీ దగ్గర బల్ల వేస్తాను అన్నాను.

ఇంటికి వచ్చాక మనవరాలు ఆ ఇనుప చట్రాన్ని తెరమీద తిప్పింది. నేను మొదటిసారి చూడడం. కాళ్లూ, అడ్డకమ్మీలూ, మెట్లూ, పక్కన నిచ్చెనా, అన్నీ ఒక్కటిగా మెల్లగా తిరిగాయి. పైనుంచి చూపించింది, కిందనుంచి చూపించింది. ఇంకా కట్టని దాని కింద నిలబడి తలెత్తి చూసినట్టుంది. ఇంత పని చేతుల్లో పెట్టుకున్న పిల్లని లిస్టులు రాసుకోమంటారా అని నాకు మళ్లీ కోపం వచ్చింది.

ఇప్పుడు ఆ శుభ్రం సంగతి చెప్పాలి.

మా పేటలో దుమ్మంటే మామూలు దుమ్ము కాదు. పక్కనే రేవులో గుట్టలు పోసిన బొగ్గు, ఇనుపరాయి పొడి గాలికి లేచి ఇళ్ల మీదికి వస్తుంది. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నం అరిచెయ్యి పెడితే నల్లగా లేస్తుంది. తెల్లబట్ట ఆరేస్తే తెల్లగా తిరిగి రాదు. అందుకని మా పేటలో ఆడవాళ్లం దేనికైనా గుడ్డ కడతాం. నీళ్లబిందెకి కడతాం, టీవీకి కడతాం, గోడగడియారానికి కూడా కట్టినవాళ్లున్నారు. ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టినట్టు, లాప్‌టాప్ ఇంట్లోకి వచ్చిన రోజే నేను దానికీ కట్టాను. అడుగున, వెనక అంచునా జల్లెడలాంటి సందులున్నాయి, దుమ్ము దూరేది అక్కడే కదా. మా ఆయన పాత మల్లుపంచె చింపి, కొలతకి కుట్టి, నాడా దూర్చి బిగించాను. వారానికొకసారి విప్పి ఉతుకుతాను. కొట్టుకి తీసుకెళ్లేటప్పుడు మాత్రం విప్పి, ఇంట్లో ఆరేసి వెళ్లాను. నలుగురిలోకి మాసిన గుడ్డతో వెళ్తామా?

కొత్త కార్డు వేశాక దానికి కొత్త వాసెన కుట్టాను. ఈసారి రెండు మడతలు వేశాను. అంత కష్టపడి వేయించిన వస్తువు.

“అమ్మమ్మా, ఒద్దే. ఆయన గాలాడాలన్నాడు కదా” అంది మనవరాలు.

“గాలాడకుండా రబ్బరు గుడ్డ కట్టినానేటి? మల్లుగుడ్డే. నీల్లే దిగిపోతాయి, గాలి దిగదా? రెండేల్లు కట్టినాను, ఏటయ్యింది?”

“అప్పటి కార్డు ఏరు...”

“నోరు ముయ్యి గుంటా. ఈ ఇంట్లో నాను కట్టిన వాసెన వల్ల ఏదీ పాడవనేదు.”

నోరు మూసుకుంది. నేను పెంచిన పద్ధతి అది. ఒకసారి చెప్పాక రెండోసారి చెప్పించుకోకూడదు.

మూడో రోజు లాప్‌టాప్ దానంతటది ఆరిపోయింది. గీసిన గంట పని పోయింది. మర్నాడు రెండుసార్లు ఆరిపోయింది. ఆ మర్నాడు పెట్టె పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. గడువింక అయిదు రోజులు.

నాకు సంగతి అర్థమైపోయిందనుకున్నాను. చచ్చిన కార్డు అంటగట్టాడు. విరిగిన పెట్టెలోంచి తీసిందని వాడే చెప్పాడు కదా! ముందు నిజం చెప్పినట్టు చెప్పి మోసం చేసేవాళ్లుంటారు. మనవరాలు “అమ్మమ్మా, ఆగు, ఒక్కమాట” అంటున్నా వినకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే సంచిలో వేయించి బయలుదేరదీశాను.

ఆ ఇరుకు మెట్ల మీద నుంచే మొదలుపెట్టాను. “ముసిల్దాన్ని సేసి, సదువురానిదాన్ని సేసి, సచ్చిన కార్డు అంటగట్టినావు! ఆడపిల్ల నోటికాడ కూడు తీసీసినావు!” కింద టీ బడ్డీ దగ్గరవాళ్లు పైకి వచ్చారు. పక్క గదుల్లోంచి నలుగురు వచ్చారు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, “ఓసారి సూడనియ్యమ్మా” అని సంచిలోంచి లాప్‌టాప్ బయటికి తీశాడు. తిరగేశాడు.

నాడా ముడి మీద వేలు పెట్టాడు.

“ఈ గుడ్డ ఎవులు కట్టినారమ్మా?”

“నానే కట్టినాను. దుమ్ము దూరకుండా.”

నాడా విప్పి గుడ్డ తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అయిదురోజులకే తెల్లపంచె నల్లకంబళి అయ్యింది. అవతల ఉన్నది ఏమీ కనిపించడం లేదు.

“పిన్నమ్మా, దీని ముక్కు ఇదే” అన్నాడు, ఆ సందుల మీద వేలు పెట్టి. “లోపల ఫ్యాను ఇక్కడ గాలి పీల్చి అక్కడ ఒగ్గుతాది. ముక్కుకి రెండు మడతల గుడ్డ కట్టీసి పరిగెట్టమంటే, మీరైతే పరిగెడతారేటి?”

గుంపులో ఎవరో నవ్వారు. “ఆవకాయ బాగా ఊరిందేటి మామ్మా?” అన్నాడింకొకడు.

నేను మనవరాలి వైపు తిరిగాను. “నీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి సెప్పవేటే?”

“సెప్పినాను కదా. ఇన్నావేటి నువ్వు?” ఆయన చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుంది. “నువ్వు బజారుకెల్లినప్పుడల్లా ఇప్పీసి పన్జేసుకునేదాన్ని. అప్పుడు బాగానే పన్జేసేది. నీ సెప్పుల సప్పుడు ఇని మల్లీ కట్టీసేదాన్ని.”

ఆ మాట విన్నాక నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడింది. ఒక పిల్ల, తన పని పోతుందని తెలిసీ, పోగొట్టేది ఏదో తెలిసీ, నాకు భయపడి దాన్ని తన చేత్తో తిరిగి కట్టుకుంది. నేనది క్రమశిక్షణ అనుకున్నాను. ఈ రోజు వరకూ దీనికి నన్ను నేను క్షమించలేదు. పిల్లలు ఎదురు చెప్పకపోవడం మంచిదని ఇప్పటికీ అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్లందరూ వినేట్టు, ఎంత గొంతుతో ఆయన్ని తిట్టానో అంత గొంతుతోనే చెప్పాను. “ఈయన తప్పేటీ నేదు. మంచి కార్డే ఏసినాడు. తప్పు నాది. ఇన్నారు కదా, ఇక ఎల్లండి.” వాళ్లు దిగి వెళ్లారు. తిట్టడానికి అందరూ పైకెక్కి వస్తారు, ఒప్పుకున్నప్పుడు వినడానికి ఎవరికీ తీరిక ఉండదు. అదీ నాకు మండింది.

అయినా ఒక్కమాట అడగాలి. ఒక ఇంట్లో పీల్చే గాలిని గుడ్డలో వడకట్టుకోవలసి రావడం ఏమి న్యాయం? మా పేటలో గుడ్డ కట్టడం పిచ్చి కాదు, అవసరం. కట్టకపోతే పెట్టె దుమ్ము పట్టి చస్తుంది, కడితే ఊపిరాడక చస్తుంది. ఈ రెండింట్లో ఏది తప్పని నన్ను చూసి నవ్వినవాళ్లు చెప్పలేదు.

ఆయన లోపలంతా దులిపి ఇచ్చాడు. “గడువు దాకా ఇక్కడే కూకుని గీసుకో అమ్మా, ఈ సందులో దుమ్ము తక్కువ” అని మనవరాలికి ఒక బల్ల ఖాళీ చేశాడు. నాలుగు రోజులూ పొద్దున్నే వెళ్లి అక్కడ గీసింది. మధ్యాహ్నం నేను క్యారేజీ తెచ్చేదాన్ని, ముగ్గురికీ. లాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆరిపోలేదు.

గడువు రోజు ఆటోనగర్ వెళ్లాం. రేకుల షెడ్డు, లోపల ఇనుము కోస్తున్న మోత, ఒక మూలన అద్దాల గది. ఇన్‌చార్జి మా సంచిలోంచి వచ్చిన పెట్టెని చూసి, పక్కన కంప్యూటర్ల ముందున్న ముగ్గురు మగవాళ్లని చూసి కనుబొమ్మలెగరేశాడు.

“దీన్లోనా? లేస్తుందా ఇది?”

లేచింది. మనవరాలు చట్రాన్ని తిప్పింది. ఒక వైపు, ఇంకో వైపు, పైనుంచి, కిందనుంచి. ఎక్కడా ఆగలేదు, విరగలేదు. ముగ్గురిలో ఒకడు కుర్చీ జరుపుకుని చూడడానికి వచ్చాడు.

“బాగానే చేశావమ్మాయ్” అన్నాడు ఇన్‌చార్జి. “కానీ ఇది రోజూ సైటుతో ముడిపడ్డ పని. పొద్దున్న ఒక మార్పు, సాయంత్రం ఒక మార్పు. ఆడపిల్లవి, ఇంట్లో కూర్చుని చేసేదానివి, నీకెందుకీ తలనొప్పి? మోడళ్లు మనవాళ్లు చూసుకుంటారు. నువ్వు హాయిగా కటింగ్ లిస్టులు చేసుకో. పని మాత్రం ఆపంలే.”

నేను లేచాను. ఏమేమి అనాలో అన్నీ నోటిదాకా వచ్చేశాయి. తిప్పి చూపిస్తే పని అన్నది ఎవరు? తిప్పి చూపించాక మాట మార్చింది ఎవరు?

“అమ్మమ్మా, నువ్వాగు” అంది మనవరాలు.

ఇరవై ఒక్కేళ్లలో అది నాతో అలా అనడం అదే మొదలు. నేను ఆగాను.

“సార్, ఒకటి చూడండి” అంది. చట్రాన్ని ఒక వైపుకి తిప్పి ఆపింది. “ఇది మీరిచ్చిన డ్రాయింగు ప్రకారమే కట్టాను. ఎదురుగా చూస్తే నిచ్చెన సరిగ్గానే ఉంది. పక్కనుంచి చూస్తే అడ్డకమ్మీ సరిగ్గానే ఉంది. రెండూ కలిపితే ఇదిగో. నిచ్చెన ఎక్కేవాడి తలకి కమ్మీ తగులుతుంది. మీ ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలోనే ఉంది. ఎన్ని కోశారో నాకు తెలియదు.”

బయట కోత మిషను మోగుతూనే ఉంది. ఇన్‌చార్జి ముందుకు వంగాడు. మౌసు తను తీసుకుని తిప్పాడు, మళ్లీ తిప్పాడు. తర్వాత ఆ ముగ్గురిలో పెద్దాయన వైపు తిరిగి అడిగాడు. “కటింగు మొదలెట్టేశారేటి?”

“ఈ రోజు మొదలెడదామని...”

“ఆపు. ముందు ఎల్లి ఆపు.”

ఆయన గబగబా బయటికి వెళ్లాడు. ఇన్‌చార్జి మా మనవరాలిని కూర్చోమన్నాడు. అప్పటిదాకా అది నిలబడే ఉందని నేను అప్పుడే గమనించాను. రాబోయే పనిలో రెండు చట్రాల మోడళ్లు దానికే ఇస్తానన్నాడు. వారానికి రెండు రోజులు ఆఫీసుకి రావాలన్నాడు. వస్తానంది.

బస్టాపు దాకా నేను నాలుగడుగులు ముందే నడిచాను.

“కోపం వచ్చిందేటి, ఆగమన్నానని?” అంది.

“రానేదు. ఆ మాట ఆ గుడ్డ కట్టిన్నాడే అనాల్సింది” అన్నాను.

అది నవ్వింది. బస్సు వచ్చింది. తర్వాత అది ఆ ఆఫీసులో నాలుగేళ్లు మోడళ్లు చేసింది, కటింగ్ లిస్టు ఒక్కటి కూడా రాయలేదు. సంతోషమే. కానీ నాకు ఒకటి మిగిలిపోయింది. తిప్పి చూపిస్తే పని ఇస్తామన్నారు, తిప్పి చూపించింది. మగపిల్లాడైతే అంతటితో సరిపోయేది. ఆడపిల్ల కాబట్టి, వాళ్లు ఇచ్చిన మాట మీద వాళ్లని నిలబెట్టడానికి వాళ్ల తప్పు కూడా వెతికి చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఆ కాగితంలో తప్పు లేకపోయి ఉంటే? ఆ రోజు ఆ గదిలో అది ఆగమంది కాబట్టి అడగలేదు. ఇక్కడ అడుగుతున్నాను.